బీఎండబ్ల్యూ 3 సిరీస్ ఇచ్చేసి బెంజో, ఆడీయో తీసుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో 2019 మోడల్ బీఎండబ్ల్యూ 330ఐ (3 సిరీస్‌లో పెట్రోలు రకం) నడుపుతున్నాను. మా తమ్ముడు అదే కారు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి మెర్సిడెస్ బెంజ్ సీ300డీ (సీ క్లాస్‌లో డీజిల్ రకం) తీసుకున్నాడు. ఆ బేరం నడిచిన రెండు నెలలూ వాడి పక్కనే తిరిగాను. అప్పట్నుంచి బంధువులు, ఆఫీసువాళ్లు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేసి అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పడం కన్నా రాసిపెడితే మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మార్చాలా వద్దా అనుకుంటున్నప్పుడు

నా 330ఐకి నాలుగేళ్లు దాటాయి. ఏ ఇబ్బందీ లేదు, అయినా మార్చాలనిపిస్తోంది. మార్చేయమంటారా?

ఎందుకు మార్చాలో ముందు ఒక కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. "పిల్లలు ఎదిగారు, వెనక సీట్లో మోకాళ్లు తగులుతున్నాయి" అనేది కారణం. "వారానికి రెండుసార్లు విజయవాడ వెళ్లొస్తున్నాను, పెట్రోలు ఖర్చు తట్టుకోలేకపోతున్నాను" అనేదీ కారణమే. అలాంటి వాక్యం రాకపోతే ఆరు నెలలు ఆగండి.

ఆ ఆరు నెలల్లో ఉన్న కారు మీద కొంచెం ఖర్చు పెట్టండి. 2023 వేసవిలో నాకు నా కారంటేనే విసుగొచ్చింది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ప్రతి జాయింటుకీ నడుంలో దెబ్బ తగిలేది. సీ క్లాస్ బుక్ చేసేదాకా వెళ్లాను. అప్పుడే సర్వీసుకిస్తే అక్కడి మెకానిక్ టైరు అంచును బొటనవేలితో నొక్కి చూపించాడు. రబ్బరు రాయిలా ఉంది, గాడుల మధ్య సన్నటి పగుళ్లు. రన్‌ఫ్లాట్ టైర్లు అసలే గట్టివి. గాలి పూర్తిగా పోయినా బండి బరువు మోయాలి కాబట్టి పక్క గోడలు మందంగా చేస్తారు. పాతబడితే ఇంకా బిగుస్తాయి. నాలుగూ తీయించి మామూలు టైర్లు వేయించాను, అలైన్‌మెంట్ చేయించాను. వారం తర్వాత శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే, కొన్న రోజు నడిపిన కారు మళ్లీ చేతికొచ్చింది. బుకింగ్ ఆలోచన మానేశాను.

ఒక్క జాగ్రత్త. రన్‌ఫ్లాట్ అయితే పంక్చరైనా 80 కి.మీ. వేగం దాటకుండా మరో 80 కి.మీ. పోవచ్చు. మామూలు టైర్లకు ఆ వీలు లేదు. కారులో స్పేర్ వీల్ లేకపోతే పంక్చర్ కిట్, గాలి కొట్టే చిన్న పంపు డిక్కీలో పెట్టుకుని తీరాలి.

అమ్మానాన్నలు ఎక్కి దిగలేకపోతున్నారు. బెంజ్ అయితే సుఖంగా ఉంటుందా?

ఉండదు. మా అమ్మ నా కారు దిగేటప్పుడు ఒక చెయ్యి తలుపు పైఅంచు మీద, ఇంకో చెయ్యి నా భుజం మీద వేసి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి లేస్తుంది. తమ్ముడి సీ క్లాస్‌లో సీటు మెత్తన, కుషన్ బాగుంటుంది. కానీ దిగేటప్పుడు అదే చెయ్యి, అదే భుజం. సెడాన్ సీటు నేలకు దగ్గరగా ఉంటుంది, ఏ కంపెనీదైనా అంతే. 3 సిరీస్ గ్రాన్ లిమోసిన్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) మామూలు 3 సిరీస్ కన్నా 110 మి.మీ. ఎక్కువ (2,961, 2,851). దాంతో కాళ్లు చాపుకోవడానికి చోటు వస్తుందేగాని సీటు ఎత్తు పెరగదు. మోకాళ్ల నొప్పే మీ కారణమైతే, సెడాన్ ఇచ్చి సెడాన్ కొనకండి. ఎత్తైన బండి చూడండి. పెద్దవాళ్లను షోరూముకు తీసుకెళ్లి, అయిదుసార్లు ఎక్కించి దింపించాకే అడ్వాన్స్ కట్టండి.

జీఎస్టీ తగ్గింది కదా, ఇప్పుడు మారిస్తే లాభమేనా?

కొంత లాభమే, అనుకున్నంత కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్ తీసేసి 40 శాతం జీఎస్టీ పెట్టారు. అంతకుముందు 1,500 సీసీ దాటిన సెడాన్ మీద జీఎస్టీ, సెస్ కలిపి 48 శాతం ఉండేది, 1,500 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెద్ద సెడాన్ మీద 45 శాతం. అంటే ఎక్స్‌షోరూమ్ ధర (రోడ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర) మూడున్నర నుంచి ఐదున్నర శాతం దాకా దిగడానికి వీలు దొరికింది.

అయితే కొత్త కారు దిగితే మీ పాత కారూ దిగుతుంది. ఉదాహరణకు కొత్తది 70 లక్షల నుంచి 66 లక్షల 20 వేలకు వచ్చిందనుకోండి. మీ పాతదానికి 30 లక్షలు ఇస్తానన్నవాడు 28 లక్షల 40 వేలంటాడు. మీరు జేబులోంచి పెట్టే తేడా 40 లక్షల నుంచి 37 లక్షల 80 వేలకు తగ్గింది. ప్రకటనలో కనిపించే 3 లక్షల 80 వేలు మీకు మిగలవు, 2 లక్షల 20 వేలే మిగులుతాయి.

కొత్త మోడల్ వస్తుందంటున్నారు. అది వచ్చేదాకా ఆగాలా?

మీకు సాంకేతికత, స్క్రీన్లు ముఖ్యమైతే ఆగండి. నడిపే సుఖం, ధర ముఖ్యమైతే మోడల్ వెళ్లిపోయే ఆఖరి నెలలే మంచి బేరం. స్టాకు దులుపుకోవాలని షోరూమువాళ్లు కూడా దిగొస్తారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: కొత్త మోడల్ రాగానే మీ చేతిలో ఉన్న పాత తరం కారు ధర పడుతుంది. ఆగాలనుకున్నా, అమ్మే పని ముందే అయితే మేలు.

## ఏ కారుకి మారాలి

బీఎండబ్ల్యూ ఎం340ఐ, ఆడీ ఎస్5, మెర్సిడెస్ ఏఎంజీ సీ43. వీటిలో ఏది తీసుకోమంటారు?

కాగితం మీద మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. మూడింటి టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 500 ఎన్ఎం, మూడింటికీ నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది. నడిపితే మూడూ మూడు రకాలు.

ఎం340ఐ 2021 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. చెన్నైలో బిగిస్తారు కాబట్టి అప్పటి ధర 62 లక్షల 90 వేలు (ఎక్స్‌షోరూమ్). మూడు లీటర్ల ఇన్‌లైన్ సిక్స్ ఇంజిన్, మొదట్లో 387 హార్స్‌పవర్, సున్నా నుంచి వందకు 4.4 సెకన్లు. ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉంటే ఇంజిన్ తన కదలికల్ని తానే సమం చేసుకుంటుంది. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ మీద అరచెయ్యి పెట్టి చూడండి, ఇంజిన్ నడుస్తోందో ఆగిందో తెలియదు. అదే ఇంజిన్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కే ర్యాంపు మీద కాలు నొక్కితే గొంతు విప్పుతుంది.

ఎస్5 స్పోర్ట్‌బ్యాక్ కూడా అదే 2021 మార్చిలో వచ్చింది, 79 లక్షల 6 వేలకు. బయటినుంచి దిగుమతి. వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్, 354 హార్స్‌పవర్, 4.8 సెకన్లు. మూడింటిలో దూర ప్రయాణానికి నాకు ఇదే హాయి. తొందర పెట్టదు, వర్షంలో భయపెట్టదు. డిక్కీ మూత వెనక అద్దంతో సహా లేస్తుంది, సామాను బాగా పడుతుంది. కప్పు వెనక్కి వాలి ఉంటుంది, ఆరడుగులవాళ్లు వెనక కూర్చుంటే తల దగ్గర ఇరుకు. స్టీరింగ్ నాకు కొంచెం మూగగా అనిపించింది.

సీ43 2023 నవంబరులో 98 లక్షలకు వచ్చింది, ఇదీ దిగుమతే. రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లోంచి 408 హార్స్‌పవర్ పిండారు. టర్బో లోపల చిన్న ఎలక్ట్రిక్ మోటారు ఉంటుంది, ఎగ్జాస్ట్ వాయువు వచ్చేదాకా ఆగకుండా అదే టర్బోను తిప్పుతుంది. అందుకే కాలు పెట్టగానే కదులుతుంది. వెనక చక్రాలు కూడా కొద్దిగా తిరుగుతాయి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మలుపులు తేలికవుతాయి. ఇంజనీరింగ్ పరంగా నాకు దీనిమీద గౌరవం ఉంది. కానీ ఆరు సిలిండర్ల కారు నడిపినవాళ్లకు ఈ శబ్దం ఆనదు. దిగుమతి సుంకం కట్టి తెచ్చిన కారు కాబట్టి ధరలో ఆ భారం తెలుస్తుంది.

నన్ను ఒక్కటి చెప్పమంటే ఎం340ఐ అంటాను. 330ఐ నుంచి వెళ్లేవాళ్లకు అది ఇంకో కంపెనీ కారు కాదు. కానీ పోటీ కారు కోసం బయల్దేరి ఎన్నో ఇళ్లు తిరిగినవాళ్లు చివరికి సొంత ఇంటి పెద్దన్న దగ్గర ఆగడం చాలాసార్లు చూశాను.

మామూలు సీ క్లాస్, ఆడీ ఏ4 కూడా 3 సిరీస్‌కి పోటీయే కదా? 330ఐ ఇచ్చి వాటికి మారితే?

షోరూమ్ వెలుగులో పోటీయే, రోడ్డు మీద కాదు. 330ఐ 258 హార్స్‌పవర్, 400 ఎన్ఎం, పవర్ వెనక చక్రాలకు వెళ్తుంది. 2022 మేలో వచ్చిన సీ200లో ఒకటిన్నర లీటరు ఇంజిన్, 204 హార్స్‌పవర్, 300 ఎన్ఎం. 2021లో వచ్చిన ఏ4లో 190 హార్స్‌పవర్, పవర్ ముందు చక్రాలకు. నడపడం ఇష్టపడి 330ఐ కొన్నవాళ్లు వీటికి మారితే మొదటి ఓవర్‌టేక్‌లోనే తేడా తెలుస్తుంది. లోపలి అందం, నిశ్శబ్దం, పెద్ద స్క్రీన్ కోసమే అయితే సీ క్లాస్ వీటన్నిటికన్నా ముందుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

మా తమ్ముడు సీ300డీ ఎందుకు తీసుకున్నాడంటే వాడికి నల్గొండ, సూర్యాపేట మీదుగా విజయవాడకు వారం వారం పని. 265 హార్స్‌పవర్, 550 ఎన్ఎం ఉన్న డీజిల్. లారీని దాటడానికి గేరు మార్చనక్కర్లేదు, కాలు ఆనిస్తే చాలు. ట్యాంకు నింపితే మళ్లీ బంకు మాట వారం దాకా రాదు. వాడి కారణం వాడికి స్పష్టంగా ఉంది, అందుకే ఇవాళ్టికీ పశ్చాత్తాపం లేదు. 2024లో ఆ డీజిల్ స్థానంలో పెట్రోలు సీ300 వచ్చింది, కాబట్టి ఇప్పుడు సీ300డీ కావాలంటే సెకండ్ హ్యాండే.

నా దగ్గర స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245 ఉంది. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చి 3 సిరీస్ తీసుకోనా?

ఎక్స్‌ఛేంజ్‌లో మాత్రం ఇవ్వకండి. 2020లో ఆ కారు మన దేశానికి 200 మాత్రమే వచ్చాయి, 35 లక్షల 99 వేలకు. 2025లో కొత్త ఆర్ఎస్ వచ్చినప్పుడు 49 లక్షల 99 వేలకు వంద కార్లే ఇచ్చారు. షోరూమ్ వాల్యుయేషన్ పట్టికలో మీది ఒక పాత స్కోడా. దానికోసం వెతికేవాడి దృష్టిలో మళ్లీ దొరకని కారు. తొందర లేకుండా అలాంటివాణ్ణి వెతికి అమ్మండి. ఇంట్లో రెండు కార్లకు చోటుంటే, ఉంచుకోమనే నా సలహా.

పెట్రోలు గొడవ లేకుండా ఎలక్ట్రిక్ సెడాన్‌కి మారిపోతే?

తెలంగాణలో ఉన్నవాళ్లు దీన్ని గట్టిగా ఆలోచించాలి. 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. 50 లక్షలు దాటిన కారుకు అది పది లక్షలకు పైమాటే. జీఎస్టీ కూడా 5 శాతమే.

బీఎండబ్ల్యూ ఐ4 340 హార్స్‌పవర్, వెనక చక్రాల డ్రైవ్, 3 సిరీస్ నడిపినవాళ్లకు చేతికి అలవాటైన కారులా ఉంటుంది. 2022లో 69 లక్షల 90 వేలకు వచ్చింది. బీవైడీ సీల్ 2024 మార్చిలో 41 లక్షల నుంచి మొదలైంది, పై రకం 53 లక్షలు. ఆ పై రకం 3.8 సెకన్లలో వంద అందుకుంటుంది. నేరుగా పోయే వేగంలో ఇక్కడ చెప్పినవాటిలో దానికి సాటిలేదు. ఘాట్ మలుపుల్లో బ్యాటరీ బరువు మాత్రం తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీ పార్కింగ్ దగ్గర చార్జర్ పెట్టుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందా అన్నది ముందు తేల్చుకోండి. దాని తర్వాతే టెస్ట్ డ్రైవ్.

షోరూమువాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి పది నిమిషాలే ఇస్తున్నారు. అందులో ఏం చూడాలి?

పది నిమిషాలు చాలవని సూటిగా చెప్పండి. ఇంటికి డెమో కారు పంపమనండి, ఈ ధరల కార్లకు మామూలుగా పంపుతారు. కారు మీ గుమ్మం ముందుకొచ్చాక ఈ వరసలో చూడండి.

ముందు మీ సొంత కారును మీ దారిలో ఒక చుట్టు తిప్పి, దిగిన వెంటనే కొత్తది ఎక్కండి. మధ్యలో ఒక రోజు గడిస్తే పోలిక చెడుతుంది. మీ సెల్లార్ ర్యాంపు దించి ఎక్కించండి, కింద రాసుకుంటుందేమో చూడండి. కారులో నలుగుర్ని కూర్చోబెట్టి మీ కాలనీ స్పీడ్ బ్రేకర్లు దాటించండి, ఒక్కరే ఉంటే పొట్ట తగిలేది తెలియదు. తర్వాత డ్రైవింగ్ ఇంకొకరికిచ్చి, మీరు వెనక సీట్లో పావుగంట కూర్చోండి. మన రోడ్ల మీద స్పోర్ట్స్ సెడాన్ బాగోగులు తేలేది వెనక సీట్లోనే. ఇంట్లోవాళ్లు కూర్చునేది అక్కడే.

ఓఆర్ఆర్ మీద 120 కి.మీ. దాకా అనుమతి ఉంది. ఆ వేగంలో ఇద్దరూ మాట్లాడుకోండి. గొంతు పెంచాల్సి వస్తే టైర్ల శబ్దం ఎక్కువని అర్థం. మిట్టమధ్యాహ్నం ఏసీ చూడండి. డిక్కీ తెరిచి అడుగు చూడండి, కొన్ని కార్లలో స్పేర్ వీల్ డిక్కీ నేల మీదే ఉండి సగం చోటు తినేస్తుంది. మీ సూట్‌కేసు ఒకటి తెచ్చి పెట్టి చూడండి.

## ధర, బేరం

పాత కారుకి ఎక్కువిస్తామంటున్నారు, కొత్తదాని మీద మాత్రం తగ్గించట్లేదు. ఒప్పుకోవచ్చా?

మీరు చూడాల్సిన అంకె ఒక్కటే: నా కారు తాళం ఇచ్చి, కొత్త కారు తాళం తీసుకోవడానికి నేను కట్టాల్సిన మొత్తం ఎంత? ఒక షోరూము పాతదానికి 30 లక్షలిచ్చి కొత్తదాని మీద లక్ష తగ్గిస్తుంది. ఇంకోటి పాతదానికి 28 ఇచ్చి కొత్తదాని మీద 4 లక్షలు తగ్గిస్తుంది. వినడానికి మొదటిది బాగుంటుంది, రెండోదాంట్లో మీకు లక్ష మిగులుతుంది. పైగా రెండోదాంట్లో బిల్లు ధరే తగ్గితే దానిమీద లెక్కేసే ఖర్చులు కూడా తగ్గుతాయి.

మూడు షోరూముల దగ్గర ఆ ఒక్క అంకె కాగితం మీద రాయించుకోండి. ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ అందులో ఉన్నాయో లేదో విడివిడిగా రాయమనండి. వారంటీ సంగతి కంపెనీని బట్టి మారుతుంది. మెర్సిడెస్ మామూలుగా మూడేళ్లిస్తుంది, బీఎండబ్ల్యూ రెండేళ్లు. ఆ ఒక్క ఏడాది తేడాకీ విలువ ఉంది, లెక్కలో వేయండి.

వాల్యుయేషన్‌కి వచ్చినవాళ్లు ఏం చూస్తారు? ముందే ఏమైనా బాగుచేయించాలా?

తమ్ముడి కారు చూడటానికి వచ్చిన కుర్రాడి చేతిలో అరచేతిలో ఇమిడే పెయింట్ మీటరు ఉంది. బానెట్ మీద ఆనించాడు, 120 చూపించింది. ముందు ఎడమ ఫెండర్ 115. తలుపు 125. వెనక ఎడమ తలుపు దగ్గర 290 పడింది. తలెత్తలేదు, ఏమీ అడగలేదు, ఫోన్‌లో ఒక టిక్కు పెట్టుకున్నాడు. రెండేళ్ల కిందట కాలనీలో వాటర్ ట్యాంకర్ గీసిన చోటు అది. మేం చెప్పకముందే వాడికి తెలిసిపోయింది. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది, మళ్లీ వేస్తే రెట్టింపవుతుంది, లప్పం పెడితే ఇంకా పైకి పోతుంది.

ఆ తర్వాత టైర్ల మీది నాలుగంకెలు చూశాడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనవని అర్థం. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవేనా, రెండో తాళం ఉందా, సర్వీసు రికార్డులో ఖాళీలున్నాయా, ఇన్సూరెన్స్ క్లెయిములెన్ని.. ఇవీ అడిగాడు.

కాబట్టి దాచి లాభం లేదు. చిన్న దెబ్బకు ఇన్సూరెన్స్ బిల్లు, ఫొటో ఉంటే ముందే చూపించండి, పెద్ద ప్రమాదం కాదని తేలిపోతుంది. పెద్ద పెయింటింగ్ పనులు కొత్తగా చేయించకండి, పెట్టిన డబ్బు తిరిగి రాదు. శుభ్రంగా కడిగించండి, పోయిన బల్బు మార్పించండి, రెండో తాళం వెతకండి.

ఎక్స్‌ఛేంజ్ కాకుండా నేరుగా బయట అమ్మితే ఎక్కువ వస్తుందా?

చాలావరకు వస్తుంది. షోరూమువాళ్లు మీ కారును మళ్లీ అమ్మాలి, వాళ్ల లాభం, మరమ్మతు, ఆ లాభం మీద 18 శాతం జీఎస్టీ అన్నీ మీకిచ్చే ధరలోంచే తీస్తారు. నేరుగా అమ్మితే ఆ వాటా మీదే, దాంతోపాటు తిప్పట కూడా మీదే. సాయంత్రాలు, ఆదివారాలు పోతాయి. తెలియనివాళ్లకు 258 హార్స్‌పవర్ కారు తాళం ఇవ్వాలి. టెస్ట్ డ్రైవ్‌కి వచ్చినవాళ్ల లైసెన్సు ఫొటో తీసుకోకుండా, మీరు పక్కన కూర్చోకుండా ఇవ్వకండి.

డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒక వ్యవహారంలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు, తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడొచ్చు. తేడా లక్ష రూపాయల లోపైతే ఎక్స్‌ఛేంజ్ చేసేయండి. మూడు లక్షలు దాటితే కష్టపడొచ్చు.

ఆన్‌రోడ్ ధర ఎక్స్‌షోరూమ్ కన్నా పాతిక లక్షలు ఎక్కువ చెప్తున్నారు. ఎక్కడికి పోతోంది?

పెద్ద భాగం లైఫ్ టాక్స్, అంటే ఒకేసారి కట్టే రోడ్ టాక్స్. సీ43 వచ్చిన 2023లో తెలంగాణలో 50 లక్షలు దాటిన కారుకు 20 శాతం. 98 లక్షల కారుకు ఒక్క టాక్సే 19 లక్షల 60 వేలు. రేట్లు మారుతుంటాయి, మీరు బుక్ చేసే రోజున ఎంతుందో అడగండి.

ఇక్కడ చాలామంది చూసుకోనిది ఒకటుంది. మీ పేరున అప్పటికే ఒక సొంత కారుంటే కొత్తదాన్ని రెండో వాహనంగా లెక్కేసి 2 శాతం అదనంగా వేస్తారు. 70 లక్షల కారుకు అది లక్షా 40 వేలు. పాతది ఇచ్చేస్తున్నాం కదా అనుకుంటాం, ఆర్సీ ఇంకా మన పేరునే ఉంటుంది. వీలైతే పాతదాని బదిలీ ముందు పూర్తిచేయించి, తర్వాత కొత్తది రిజిస్టర్ చేయించండి.

పది లక్షలు దాటిన కారు మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే తీసుకుని మీ పేరున కట్టే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు. మీ పాన్ మీద పన్ను శాఖ చూపించే పన్నుల పట్టికలో కనిపిస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఆడిటర్‌కి ఆ కాగితం ఇవ్వడం మరిచిపోకండి.

పాత కారు మీద లోన్ ఇంకా ఉంది. అయినా ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకోండి, అందులో కట్టాల్సిన అసలు, ముందే తీర్చినందుకు వేసే చార్జీ రెండూ ఉంటాయి. షోరూము ఆ మొత్తం బ్యాంకుకు కట్టి మిగతాది మీకు లెక్కేస్తుంది. అప్పు తీరిందన్న బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 వచ్చాకే ఆర్సీ మీద హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) తొలగుతుంది. కారు విలువ కన్నా అప్పే ఎక్కువగా ఉంటే మార్చకండి. ఆ లోటును కొత్త లోన్‌లో కలిపితే రెండు కార్లకు వడ్డీ కడతారు.

## కాగితాలు

కారు ఇచ్చేశాను. ఆర్సీ ఇంకా నా పేరు మీదే ఉంది. భయపడాలా?

ఊరుకోకూడదు. మా బంధువు ఒకాయన కారు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాక ఎనిమిది నెలలు ఆర్సీ మారలేదు. ఓఆర్ఆర్ మీద స్పీడు చలాన్లు ఆయన ఫోన్‌కే వచ్చేవి. డీలర్‌కి ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి. చలాన్లయితే డబ్బుతో పోతాయి, ఆ కారు ఎవరినైనా గుద్దితే మొదటి కబురు ఆర్సీలో ఉన్న పేరుకే వస్తుంది. ఆ ఎనిమిది నెలలూ ఆయనకు నిద్ర లేదు.

2023 ఏప్రిల్ నుంచి దీనికి దారి ఉంది. రవాణా శాఖ అనుమతి ఉన్న సెకండ్ హ్యాండ్ డీలర్‌కి కారు అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేయొచ్చు. అప్పట్నుంచి మళ్లీ అమ్మేదాకా ఆ డీలరే యజమానిగా లెక్క. కాబట్టి "మీకు ఆథరైజేషన్ ఉందా, 29సీ వేస్తారా" అని అడ్వాన్స్ కట్టకముందే అడగండి. మనిషికి నేరుగా అమ్మితే ఫారం 29, ఫారం 30. రెండు సందర్భాల్లోనూ తేదీ, సమయం, కిలోమీటర్ల రీడింగు రాసిన డెలివరీ నోట్ మీద సంతకం, స్టాంపు తీసుకోండి.

నో క్లెయిమ్ బోనస్ పాత కారుతోనే పోతుందా?

పోదు, అది కారుది కాదు, మీది. అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం దాకా వస్తుంది. పాత కారు అమ్మిన కాగితం చూపించి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకోండి, మూడేళ్లు చెల్లుతుంది. ఈ ధరల కార్లకు సొంత డ్యామేజీ ప్రీమియం లక్షల్లో ఉంటుంది కాబట్టి అందులో సగమంటే పెద్ద మొత్తమే.

కారు అప్పగించే రోజు మరిచిపోకూడనివి ఏమిటి?

ఫాస్టాగ్ తీసేసి ఖాతా మూసేయండి, లేకపోతే వాళ్ల టోలు మీ ఖాతాలోంచి పోతుంది. స్క్రీన్‌లో ఇంటి అడ్రసు, ఫోన్ కాంటాక్టులు చెరిపి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఫోన్‌లోని కంపెనీ యాప్ నుంచి కూడా కారును తొలగించండి. గేటు రిమోట్, సన్‌గ్లాస్ డబ్బా, డిక్కీ కింది అర, సీటు వెనక సంచులు చూడండి. తమ్ముడు అద్దానికి వేలాడదీసిన వెంకటేశ్వరస్వామి లాకెట్ మరిచిపోయి మర్నాడు మళ్లీ షోరూముకు పరుగెత్తాడు.

అమెరికాలో ఉంటున్నాం. అక్కడ ట్రేడ్-ఇన్ (డీలర్‌కి ఎక్స్‌ఛేంజ్‌లో ఇవ్వడం) మేలా, బయట అమ్మడం మేలా?

మీ రాష్ట్రాన్ని బట్టి. టెక్సాస్‌లో ట్రేడ్-ఇన్ విలువ తీసేశాక మిగిలినదాని మీదే 6.25 శాతం పన్ను. 50 వేల డాలర్ల కారుకు 20 వేల ట్రేడ్-ఇన్ ఇస్తే 1,250 డాలర్లు మిగులుతాయి, బయటివాళ్లు 21,250కి పైన ఇస్తేనే వాళ్లకు అమ్మాలి. న్యూజెర్సీలోనూ ఈ మినహాయింపు ఉంది. కాలిఫోర్నియా, వర్జీనియాల్లో లేదు, అక్కడ ఎవరు ఎక్కువిస్తే వాళ్లకే.

## కొత్త కారు వచ్చాక

నెల రోజులైంది. పాత కారే బాగుందనిపిస్తోంది. తప్పు చేశానా?

తమ్ముడు మొదటి మూడు వారాలు నాకు రోజూ ఇదే చెప్పాడు. గేరు మార్చడానికి అలవాటుగా చెయ్యి మధ్యలోకి పోయేది, బెంజ్‌లో అది స్టీరింగ్ వెనక ఉంటుంది. బ్రేకు మీద కాలు వేసే బరువు వేరు. ఇంకో కంపెనీ కారుకు మీ ఒళ్లు అలవాటు పడాలి. మెర్సిడెస్ తన కార్లకు మొదటి 1,500 కి.మీ. మెల్లగా నడపమంటుంది, ఇంజిన్‌తోపాటు మీకూ ఆ కాలం ఇవ్వండి.

ఈలోగా రెండు పనులు చేయండి. టైర్లలో గాలి ఎంతుందో చల్లగా ఉన్నప్పుడు కొలిపించండి. డెలివరీ రోజున ఎక్కువ గాలితో ఇచ్చేయడం మామూలే. గట్టిగా ఎగురుతోందని తమ్ముడు మొదటివారమంతా బాధపడింది దానివల్లే. కారు మీద కంపెనీ అంటించిన స్టిక్కర్‌లోని అంకెకు దింపగానే సగం ఫిర్యాదు పోయింది. రెండోది, డ్రైవ్ మోడ్‌లో స్టీరింగ్, సస్పెన్షన్, ఇంజిన్ విడివిడిగా పెట్టుకునే ఇండివిడ్యువల్ సెట్టింగ్ ఉంటుంది. స్టీరింగ్ బరువు స్పోర్ట్‌లో, మిగతావి కంఫర్ట్‌లో పెట్టి ఒక తెల్లవారుజామున సూర్యాపేట దాకా వెళ్లి రండి.